మొదటి వరుసలో ఒక ఖాళీ

ఆగస్టు పద్నాలుగో తేదీ పొద్దున ఎరాజ్మో వేసుకున్న పథకం చాలా చిన్నది. బీచికి వెళ్ళడం, రెండో వరుసలో తన గొడుగు కింద పడక కుర్చీ వాల్చుకోవడం, పేపరు ముఖం మీద కప్పుకుని మధ్యాహ్న భోజనం దాకా ఎవరితోనూ మాట్లాడకుండా పడుకోవడం. గయేతా రేవులో, కస్టమ్స్ ఆఫీసులో ఏడాది పొడుగునా పరాయివాళ్ళ పెట్టెలు విప్పించి చూసే మనిషికి సెలవుల్లో కళ్ళు మూసుకోవడం కన్నా పెద్ద కోరిక ఉండదు.

అసలే ఉండదని కాదు. ఒకటుంది. అది మొదటి వరుస.

ఎర్మీనియా గారు గొడుగులు అద్దెకిచ్చే బీచిలో చోటు సంపాదించడం కన్నా ఊళ్ళో ఇల్లు కట్టడం తేలిక. తాత గొడుగు తండ్రికి వస్తుంది, తండ్రి గొడుగు అల్లుడికి పోతుంది, మధ్యలో అన్నదమ్ములు మాటలు మానేస్తారు. ముందు వరుసలో ఎవరైనా బీచి మానేస్తేనో, ఏకంగా ఈ లోకమే మానేస్తేనో, సరిగ్గా వెనకాల ఉన్నవాడు ఒక వరుస ముందుకు జరుగుతాడు. వాడి చోట్లోకి వాడి వెనకవాడు. అలా ఆఖరి వరుస దాకా అందరూ ఒక అడుగు సముద్రానికి దగ్గరవుతారు. ఈ చట్టం ఎక్కడా రాసి లేదు. అందుకే దాన్ని ఎవరూ అతిక్రమించరు.

ఎరాజ్మో ముందున్నది కెప్టెన్ కొస్తాంజో గారు. ఎనభై దాటిన మనిషి, భార్య పోయి చాలా కాలమైంది. జీవితమంతా రేవులోకి వచ్చే ఓడలకు దారి చూపించి, ఇప్పుడు ఎరాజ్మో దారికి అడ్డంగా కూర్చున్నారు. పెళ్ళయిన కొత్తలో ఎరాజ్మో తన భార్య లిబెరాకి ఒక మాట ఇచ్చాడు: "నీ కాళ్ళకీ సముద్రానికీ మధ్య ఎవరూ లేకుండా చేస్తాను చూడు." ఇప్పుడు వాళ్ళ కూతురికే పెళ్ళయింది. మధ్యలో కెప్టెన్ గారి వీపు అలాగే ఉంది. ఆ వీపు మీద ఏ పుట్టుమచ్చ ఎక్కడుందో ఆయన సొంత డాక్టరుకి తెలియదు గానీ ఎరాజ్మోకి తెలుసు.

అలాగని అతను ఆయన చావు కోరుకున్నాడంటే కళ్ళు పోతాయి. ఆయనకి కాస్త కీళ్ళ నొప్పులు వస్తే చాలనుకున్నాడు. అది కూడా ఎక్కువ బాధ లేకుండా.

ఆ పొద్దున ఇసుకలో అడుగు పెట్టగానే అతను ఆగిపోయాడు. కెప్టెన్ గారి గొడుగు మూసి ఉంది. రోజూ అందరికన్నా ముందు తెరుచుకునే గొడుగు అది. నిన్న సాయంత్రం బీచి పనివాళ్ళు మూసింది మూసినట్టే ఉంది. కుర్చీ కింద ఆయన చెక్క చెప్పులు పక్కపక్కనే, సముద్రం వైపు తిరిగి ఉన్నాయి. నిన్న ఎక్కడ విడిచారో అక్కడే.

"ఇవాళ ముసలాయన ఇంకా రాలేదేం?" అంది లిబెరా, బుట్ట దించుతూ.

"వస్తారు, వస్తారు. రాకేం!" అన్నాడు ఎరాజ్మో.

నిన్న మధ్యాహ్నం జరిగింది అతనొక్కడికే తెలుసు. లిబెరా ఇంట్లో చేసిన తియెల్లా తెచ్చింది. రెండు రొట్టె పొరల మధ్య ఆక్టోపస్ ముక్కలూ నల్ల ఆలివ్ కాయలూ కూరి, అంచులు వేళ్ళతో నొక్కి కాల్చింది. తింటుంటే నూనె మోచేతి దాకా కారాలి, కారకపోతే అది తియెల్లా కాదు. మర్యాదకి కెప్టెన్ గారికి ఒక ముక్క ఇచ్చారు. ఆయన కూడా మర్యాదకి మూడు తిన్నారు. లిబెరా గిన్నెలు కడగడానికి కుళాయి దగ్గరికి వెళ్ళింది. అప్పుడు కెప్టెన్ గారు లేచి, "ఎరాజ్మో, ఒక మునక వేసి రానా?" అని అడిగారు.

ఆ ఊళ్ళో ఆ ప్రశ్నకి ఒకటే జవాబు. తిన్నాక మూడు గంటల దాకా నీళ్ళలో కాలు పెట్టకూడదు. పెడితే తిన్నది కడుపులో గడ్డకట్టి మనిషి రాయిలా మునిగిపోతాడు. ఇది తల్లిపాలతో వచ్చే జ్ఞానం. పీచు పండు ఒక్క ముక్క కొరికిన పిల్లల్ని కూడా తల్లులు గడియారం చూపించి, కట్టేసినట్టు ఒడ్డున కూర్చోబెడతారు. పగవాడు అడిగినా సరే "ఆగు నాయనా" అంటారు. ఎరాజ్మో మాత్రం సగం నిద్రలో ఉన్నాడు. పేపరు కిందనుంచి, "వెళ్ళండి కెప్టెన్ గారూ, నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి" అన్నాడు. అని నిద్రపోయాడు. లేచేసరికి పొద్దు వాలింది, కుర్చీ ఖాళీగా ఉంది. ఇంటికి వెళ్ళారనుకున్నాడు. కుర్చీ కిందకి చూడలేదు.

ఇప్పుడు ఆ చెప్పుల్ని చూస్తూ లెక్క వేసుకున్నాడు. మూడు ముక్కలు. ఆక్టోపస్. నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి. ఒక ముసలి మనిషికి తినిపించి మరీ చంపేశాడు. అంతకన్నా ఘోరం ఇంకొకటుంది. ఎందుకు చంపాడని ఎవరైనా అడిగితే, జవాబు ఊరందరికీ ముందే తెలుసు.

అతను లేచి, షికారుకు వెళ్తున్నట్టు చేతులు వెనక్కి కట్టుకుని, లైఫ్‌గార్డు సాబినో ఎత్తు కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.

"సాబినో, ఊరికే అడుగుతున్నాను. నిన్న మధ్యాహ్నం కెప్టెన్ గారు నీళ్ళలోకి దిగారు కదా. బయటికి రావడం చూశావా?"

సాబినో నోట్లోని ఈల జారి ఒళ్ళో పడింది. "చూడకేం! నా రెండు కళ్ళతో చూశాను. వచ్చారు. తడిసి వచ్చారు."

"తడిసా?"

"నీళ్ళలోంచి పొడిగా ఎలా వస్తారండీ?"

ఎరాజ్మోకి ప్రాణం లేచొచ్చింది. వెళ్ళి కుర్చీలో వాలి, పేపరు కప్పుకుని, గట్టిగా ఊపిరి వదిలాడు. ఎందుకో పేపరు ఒక్క అంగుళం పక్కకి జరిపి చూశాడు. సాబినో ఎర్ర పడవని నీళ్ళలోకి తోసి, తీరం వెంబడి మెల్లగా తెడ్డు వేస్తూ, అంచు మీదనుంచి వంగి వంగి అడుక్కి చూస్తున్నాడు. ఒళ్ళో కొక్కెం కర్ర ఉంది.

"ఏం వెతుకుతున్నావు సాబినో?" అని ఒడ్డునుంచి ఒకావిడ అరిచింది.

"ఏం లేదమ్మా! ఉంగరం!"

"ఎవరిదీ?"

"ఎవరిదో!"

ఉంగరం కోసం కొక్కెం కర్ర ఎవరూ పట్టుకోరు. తల్లులందరూ ఒక్కసారిగా పిల్లల్ని రెక్క పట్టుకుని నీళ్ళలోంచి బయటికి లాగారు. ఎరాజ్మో పేపరు కింద చెమటతో అచ్చు అక్షరాలు నుదుటికి అంటుకున్నాయి.

"ఎక్కడికి?" అంది లిబెరా, అతను చొక్కా తొడుక్కుంటుంటే.

"బ్రెడ్ తెస్తాను."

"బ్రెడ్ ఉంది."

"ఇంకా తెస్తాను."

కోట కిందనున్న పాత పేటలో కెప్టెన్ గారి ఇల్లు. ఎరాజ్మో మెట్ల వీధులన్నీ ఒగర్చుకుంటూ ఎక్కి గంట కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. లోపల ఎవరూ కదల్లేదు. పై అంతస్తు బాల్కనీ నుంచి ఒక ముసలమ్మ, కూరగాయల కోసం తాడు కట్టిన బుట్టని కిందకి దింపుతూ అతన్ని చూసింది.

"కెప్టెన్ గారు ఉన్నారా అమ్మా?"

"నిన్న మధ్యాహ్నం నించీ కిటికీలు మూసే ఉన్నాయి. రాత్రి లైటు కూడా లేదు. నువ్వెవరు నాయనా, చుట్టానివా?"

"చుట్టాన్ని కాదు. బీచిలో ఆయన వెనకాల కూర్చుంటాను."

తాడు ఆగిపోయింది. బుట్ట సగం దారిలో వేలాడింది.

"ఓహో, ఆ వెనకాయనవి నువ్వేనా! ఎప్పుడూ చెప్తుంటారు. నా మెడ మీద ఎండ కన్నా వాడి చూపే ఎక్కువ కాలుతుందమ్మా అని." ఆమె శిలువ గుర్తు వేసుకుంది. "ఆయనకేమైంది?"

"ఏం కాలేదు! నేనేం చేయలేదు!"

"నువ్వేదో చేశావని నేనన్నానా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టయింది ఎరాజ్మో పని. గబగబా వెనుదిరిగాడు. కానీ ఆ పేటలో కబుర్లు మనుషుల కన్నా ముందు బుట్టల్లో దిగుతాయి. అతను మొదటి మలుపు తిరిగేలోపే తన వెనకాల బుట్ట తర్వాత బుట్ట దిగడం, కింద కూరగాయల బండివాడు "అయ్యో, కెప్టెన్ గారా!" అనడం వినిపించింది. బండివాడికి స్కూటరు బండి ఉంది. ఎరాజ్మోకి కాళ్ళు మాత్రమే ఉన్నాయి.

బీచికి చేరేసరికి తన కుర్చీ చేతి మీద ఎవరిదో చారల తువ్వాలు ఉంది. దాని పక్కన మూడో వరుస ఓరెస్తె గారు నిలబడి ఉన్నారు. మందుల షాపాయన, ఊరంతా డాక్టరు గారంటారు. ఆయన ఎరాజ్మో చెయ్యి రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు ఊపారు. అది పరామర్శో అభినందనో ఎరాజ్మోకి అర్థం కాలేదు.

"ఎంత మంచి మనిషి! మరి ఎప్పుడు జరుగుతున్నారు?"

"ఎక్కడికి?"

"ముందుకి!"

ఎరాజ్మో తల తిప్పి చూశాడు. అతని గొడుగు వెనకాల ఒకే వరుసలో, బీచి గోడ దాకా, మనుషులు సామాన్లతో సహా లేచి నిలబడి ఉన్నారు. మడిచిన కుర్చీలు చంకల్లో, ఐసు పెట్టెలు చేతుల్లో, గాలి నింపిన మొసలి ఒకటి భుజం మీద. అందరి ముఖాల్లోనూ దుఃఖం ఉంది. అందరి కాళ్ళూ ఒక అడుగు ముందుకు వేసి ఉన్నాయి.

ఎర్మీనియా గారు తాళాల గుత్తి ఊపుకుంటూ వచ్చారు. "చూడు ఎరాజ్మో. రేపు ఫెర్రగోస్తో పండగ. ఊరు ఊరంతా ఇక్కడే ఉంటుంది. పండగ పూట మొదటి వరుసలో ఖాళీ వదిలితే నా బీచి పన్నూడిన నోరులా ఉంటుంది. ఆయన ఆత్మకి శాంతి కలగాలి. నువ్వు జరుగు."

"ఆయన పోయారని ఎవరు చెప్పారు?"

"అందరూ."

"ఎవరైనా చూశారా?"

"అందరూ చెప్తుంటే ఇంక చూడటం ఎందుకయ్యా?"

"ఎరాజ్మో గారూ, మీరు కదలకపోతే మేమెలా కదలాలి?" అని అయిదో వరుస గొంతు. "మా అత్తగారు ఎండలో నిలబడింది బాబూ!" అని గోడ దగ్గర్నుంచి ఇంకో గొంతు. లిబెరా ఒక కన్ను తుడుచుకుంటూ రెండో కంటితో మొదటి వరుస నీడ ఎంత దూరం పడుతుందో చూస్తోంది. "పాపం మహానుభావుడు," అంది. తర్వాత మెల్లగా, "నాకిచ్చిన మాట గుర్తుందా?" అంది.

ఎరాజ్మో ఒక అడుగు వేశాడు. వెనకాల వరుసంతా ఒక అడుగు వేసింది. అప్పుడు అతనికి చెక్క చెప్పులు కనిపించాయి. ఎవరో పుణ్యాత్ములు వాటిలో ఒక పువ్వు పెట్టారు.

అంతే, ఇక ఆపుకోలేకపోయాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి అతని కళ్ళకీ సముద్రానికీ మధ్య ఏమీ లేదు. ఆ సముద్రం మరీ పెద్దగా ఉంది. ఆ వీపు లేకుండా దాన్ని చూడటం అతనికి చేతకాలేదు. వేసవిలో రోజూ పొద్దున్నే అందరికన్నా ముందు తనని పలకరించింది ఆ ముసలాయనే. "ఏం ఎరాజ్మో, నిద్ర పట్టిందా?" అని వెనక్కి తిరక్కుండానే అడిగేవారు. ఏడుపొచ్చింది.

"నాకొద్దు!" అని అరిచాడు. "ఈ గొడుగు నాకు జన్మలో వద్దు! ఆయన్ని నేనే చంపాను. తియెల్లా తిన్న మనిషి మునక వేసి రానా అంటే, వెళ్ళండి, నీళ్ళు బాగున్నాయి అన్నాను!"

కొబ్బరి ముక్కలు అమ్మేవాడు కేక సగంలో ఆపేశాడు.

"నా తియెల్లానా?" అంది లిబెరా. ఆమె కన్నీళ్ళు టక్కున ఆగిపోయాయి. "నా తియెల్లా మనిషిని చంపిందంటావా? మీ నాన్న తొంభై దాటే దాకా వారం వారం అదే తిని బతికాడు!"

"ఆయన ఈదలేదు కదే!"

"ఉల్లిపాయలదా, ఆక్టోపస్‌దా?" అడిగారు ఓరెస్తె గారు, డాక్టరు ముఖం పెట్టి.

"ఆక్టోపస్."

"ఎన్ని ముక్కలు?"

"మూడు."

"ఆక్టోపస్ అయితే మూడు గంటలు చాలవు. నాలుగున్నర ఆగాలి. వైన్ ఏమైనా?"

"ఒక గ్లాసు."

"అయితే ఆశ లేదు," అన్నారు ఓరెస్తె గారు, చారల తువ్వాలు సరిచేసుకుంటూ. జనం రెండుగా చీలిపోయారు. గ్లాసు వైన్ అరుగుదలకి మంచిదేనని కొందరు, చల్లటి వైన్ అయితే కాదని కొందరు. ఈ గోలలో సాబినో పడవ వదిలేసి మోకాళ్ళ లోతు నీళ్ళలోనే కూలబడి, "నేను చూడలేదు! నేనసలు చూడనే లేదు! నిద్రపోయాను! ఈ నల్ల కళ్ళద్దాలు కొన్నదే అందుకు!" అని తల బాదుకున్నాడు.

"నన్ను ఆఖరి వరుసలో, మరుగుదొడ్ల పక్కన పడేయండి ఎర్మీనియా గారూ," అన్నాడు ఎరాజ్మో వెక్కుతూ. "ఆయన్ని మాత్రం..."

"ఏమిటర్రా ఈ గుంపు? ఎవరైనా పోయారా?"

గొంతు సముద్రం వైపునుంచి వచ్చింది. అందరూ ఒక్కసారిగా తిరిగారు. కాళ్ళతో తొక్కే పడవ ఒకటి ఒడ్డుకు వస్తోంది. దాంట్లో కెప్టెన్ కొస్తాంజో గారు ఎవరిదో పూల చొక్కా తొడుక్కుని, ఆడవాళ్ళ గడ్డి టోపీ పెట్టుకుని, చేతులు తల వెనక పెట్టుకుని కూర్చున్నారు. పక్కన పసుపు ఈతదుస్తుల్లో ఒక నిండైన ఆవిడ ఇద్దరి తొక్కుడూ తనే తొక్కుతోంది. ఒడ్డున సగం మంది శిలువ గుర్తు వేసుకున్నారు. మిగతా సగం ఎరాజ్మో వైపు చూశారు.

కెప్టెన్ గారు దిగి, తన గొడుగు దగ్గరికి వచ్చి, చెప్పులు చూశారు. "నా చెప్పుల్లో పువ్వెవరు పెట్టారు?" ఆయన పువ్వు తీసి పసుపు ఆవిడకి ఇచ్చారు. తర్వాత ఎరాజ్మోని రెండు చేతులా పట్టి, రెండు బుగ్గల మీదా ముద్దు పెట్టుకున్నారు.

"నువ్వురా మనిషివంటే! చిన్నప్పుడు మా అమ్మ ఆగమంది. పెళ్ళయ్యాక మా ఆవిడ ఆగమంది. ఆవిడ పోయాక కూతుళ్ళు ఆగమన్నారు. ఓడలో వంటవాడు కూడా ఆగమన్నాడు! ఇంతకాలం కడుపు నిండా తిని గడియారం చూస్తూ ఒడ్డున కూర్చున్నాను. నిన్న నువ్వొక్కడివే వెళ్ళమన్నావు. దిగాను. ఇప్పుడు చస్తానా, ఇప్పుడు చస్తానా అని చూశాను. చావలేదు! ఎంత బాగుందో! ఇంకాస్త పోయి చూద్దామని నీళ్ళలోకి పొడుచుకొచ్చిన ఆ కొండ చుట్టి అవతలి బీచికి తేలాను. అక్కడ ఈ జెల్సోమీనా గారు కాఫీ ఇచ్చారు."

"మరి రాత్రి ఎక్కడున్నారు?" అడిగారు ఎర్మీనియా గారు, నడుం మీద చేతులేసి.

"చెప్పులు ఇక్కడుంటే ఎలా రానమ్మా? ఆ కొండ దారిలో రాళ్ళు పెనంలా కాలుతున్నాయి. ఈవిడ అన్నగారింట్లో ఉన్నాను." జెల్సోమీనా గారు పువ్వు వాసన చూస్తూ ఎటో చూసింది.

ఎరాజ్మో కన్నీళ్ళు తుడుచుకున్నాడు. గుండె మీదనుంచి బండ దిగింది. "కూర్చోండి కెప్టెన్ గారూ," అంటూ పరుగున వెళ్ళి ఆయన గొడుగు తనే తెరిచాడు. వెనకాల వరుసంతా నిట్టూర్చి ఐసు పెట్టెలు కింద పెట్టింది.

"ఇంకెక్కడి కూర్చోవడం! అవతల ఈవిడ గొడుగు ఆఖరి వరుసలో ఉంది. చల్లటి నీడ, పక్కనే బారు. మొదటి వరుస పిచ్చివాళ్ళకి, ఎరాజ్మో. ముఖాన ఇసుక, కాళ్ళకి బంతులు, దారిన పోయే ప్రతివాడికీ పలకరింపు. ఎప్పుడో వదిలేద్దామనుకున్నాను. నువ్వు నా వెనకాల అంత ఇష్టంగా కూర్చుంటుంటే, నిన్ను ఒంటరిని చేసి పోవడానికి మనసొప్పలేదు."

"మనసొప్పలేదా!" అన్నాడు ఎరాజ్మో.

కెప్టెన్ గారు చెప్పులు తొడుక్కుని పడవెక్కారు. పడవ తిరక్కముందే ఐసు పెట్టెలు మళ్ళీ లేచాయి, గోడ దాకా వరుసంతా ఒక్క ఊపున ముందుకు జరిగింది. లిబెరా మొదటి వరుసలో కుర్చీ వేసుకుని కాళ్ళు చాపింది. ఆ కాళ్ళకీ సముద్రానికీ మధ్య ఎవరూ లేరు. ఆమె అతని చెయ్యి పట్టుకుంది. ఇన్నేళ్ళ మాట నిలబెట్టుకున్న ఎరాజ్మోకి ఆ పూట నిజంగానే సంతోషంగా ఉంది.

మర్నాడు పండగ. పొద్దున్నుంచీ అతని ముఖాన ఇసుక కొట్టింది, కాళ్ళకి రెండు బంతులు తగిలాయి, దారిన పోయే ప్రతివాడూ పలకరించాడు. మధ్యాహ్నానికి మెడ వెనక ఎక్కడో మంట మొదలైంది. గొడుగు నీడలో ఉండి ఎండెక్కడిదని వెనక్కి తిరిగి చూశాడు. రెండో వరుసలో ఓరెస్తె గారు పేపరు కిందకి దించి నవ్వారు.

"మా ఆవిడ మీ కోసమే చేసింది," అంటూ ఆయన ఒక పెద్ద పళ్ళెం తెచ్చి ఎరాజ్మో ఒళ్ళో పెట్టారు. పైనుంచి కిందదాకా జున్ను కరిగిన పాస్తా, నూనెలో వేయించిన మిరపకాయలు, పక్కన సగం పుచ్చకాయ. "మొత్తం తినాలి, మొహమాటం పడకూడదు." తర్వాత అరచెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని సముద్రం వైపు ఆప్యాయంగా చూశారు. "నీళ్ళు బ్రహ్మాండంగా ఉన్నాయి."

ఆ వేసవి అయిపోయే దాకా ఎరాజ్మో మొదటి వరుసలో, సముద్రానికి ఎదురుగా, ఖాళీ కడుపుతో కూర్చున్నాడు.